జావాస్క్రిప్ట్ అర్రేలో ఒకటి తీసేస్తే మిగతావాటి సంగతేంటి?

ఏదో చెక్‌లిస్ట్ యాప్ ఓపెన్ చేశారు. నాలుగో ఐటమ్‌కి టిక్ పెట్టారు. మూడోది అక్కర్లేదని పక్కకి స్వైప్ చేసి తీసేశారు. మూడోది పోయింది, బాగానే ఉంది. కానీ మీరు పెట్టిన టిక్ ఇప్పుడు వేరే ఐటమ్ మీద కనిపిస్తోంది. యాప్ క్లోజ్ చేసి మళ్లీ ఓపెన్ చేస్తే ఒక్కోసారి సర్దుకుంటుంది, ఒక్కోసారి సర్దుకోదు. చాలామంది దీన్ని "ఫోన్ స్లో అయింది, ర్యామ్ చాలట్లేదు" అని ఫోన్ ఖాతాలో రాసేస్తారు. 6 జీబీ నుంచి 12 జీబీకి మారినా ఈ జబ్బు మాత్రం తగ్గదు. ఎందుకంటే ఇది ఫోన్‌ది కాదు, లిస్ట్‌లోంచి ఒకటి తీసేసే కోడ్‌ది.

ఈ సైట్‌లో మనం ఎప్పుడూ ప్రాసెసర్లు, డిస్‌ప్లేలు, ఛార్జింగ్ స్పీడ్‌ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కొంచెం లోపలికి వెళ్దాం. మీ ఫోన్‌లో ఉన్న యాప్స్‌లో చాలావాటి లోపల జావాస్క్రిప్ట్ నడుస్తూ ఉంటుంది, కొన్ని రియాక్ట్ నేటివ్ రూపంలో, కొన్ని వెబ్‌వ్యూ రూపంలో. ఆ జావాస్క్రిప్ట్‌లో లిస్ట్ అంటే అర్రే. కొత్తగా నేర్చుకునేవాళ్లు "అర్రే!" అనుకునే విషయం ఏంటంటే, ఈ అర్రేకి రిమూవ్ అనే మెథడే లేదు. పైథాన్ లిస్ట్‌కి ఉంది. జావా అర్రేలిస్ట్‌కి ఉంది. జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న సెట్‌కి, మ్యాప్‌కి డిలీట్ అనే మెథడ్ ఉంది. రోజూ వాడే అర్రేకి మాత్రం లేదు. అందుకే ఒక్కొక్కరు ఒక్కో దారిలో తీసేస్తారు, ఆ దారులన్నీ ఒకే చోటికి చేరవు.

(కోడ్ కూడా ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నా. టైప్ చేసేటప్పుడు ఇంగ్లీష్‌లో కొట్టండి, లేకపోతే ఎడిటర్ నా మీద కేసు పెడుతుంది.)

బందరు బస్సు ఎక్కుదాం

విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే బస్సు స్టాపులు ఒక అర్రేలో పెట్టామనుకోండి. దారిలో ఉన్నవన్నీ రాయట్లేదు, ఐదు చాలు:

స్టాపులు = [విజయవాడ, కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు, మచిలీపట్నం]

లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి విజయవాడ 0, ఉయ్యూరు 2, మచిలీపట్నం 4. చివరిది తీసేయాలంటే స్టాపులు.పాప్(), మొదటిది తీసేయాలంటే స్టాపులు.షిఫ్ట్(). ఈ రెండింటితో పెద్ద గొడవ లేదు. గొడవంతా మధ్యలోది తీసేటప్పుడే.

ఉయ్యూరు తీసేయాలంటే స్టాపులు.స్ప్లైస్(2, 1) అని రాస్తాం. 2వ స్థానం నుంచి మొదలుపెట్టి ఒక్కటి తీసెయ్ అని అర్థం. స్ప్లైస్ అంటే ఇంగ్లీష్‌లో తాడు కొసలు రెండూ కలిపి అతకడం. మధ్యలో పాడైన ముక్క కోసేసి మిగిలిన రెండు కొసలూ కలిపేస్తారు చూడండి, అదే పని. 1997లో నెట్‌స్కేప్ 4తో వచ్చిన జావాస్క్రిప్ట్ 1.2 నుంచి ఇది ఉంది. పేరు పెర్ల్ భాష నుంచి వచ్చింది.

ఇక్కడ గమనించాల్సింది తీసేసిన ఉయ్యూరుని కాదు, మిగిలినవాటిని. పామర్రు ఇంతకుముందు 3, ఇప్పుడు 2. మచిలీపట్నం 4 నుంచి 3కి వచ్చింది. మీరు వాటిని ముట్టుకోలేదు. అయినా వాటి అడ్రస్ మారిపోయింది. ఇది గుర్తుపెట్టుకుంటే ఈ ఆర్టికల్‌లో సగం అయిపోయినట్టే, కానీ మిగతా సగంలోనే అసలు కథ ఉంది.

రెండో నంబర్ రాయడం మర్చిపోతే ఏమవుతుంది? స్టాపులు.స్ప్లైస్(2) అంటే "2 నుంచి చివరిదాకా అన్నీ తీసెయ్" అని. బస్సు కంకిపాడులోనే ఆగిపోతుంది. ఇంకో తిరకాసు స్లైస్ అనే మెథడ్. స్లైస్ అసలు అర్రేని ముట్టుకోదు, ఓ ముక్క కాపీ చేసి ఇస్తుంది. స్ప్లైస్ అసలు అర్రేనే కోసేస్తుంది. తెలుగులో రాస్తే ఒక్క ప తేడా. ఈ ఒక్క అక్షరం వల్ల ఎంతమంది ఇంటర్వ్యూల్లో నీళ్లు నమిలారో చెప్పక్కర్లేదు.

ఇక డిలీట్ అనే కీవర్డ్. డిలీట్ స్టాపులు[2] అని రాస్తే పని అయిపోయినట్టే కనిపిస్తుంది. నిజానికి అక్కడ ఒక ఖాళీ గుంట మిగులుతుంది. లెంగ్త్ ఇంకా 5 అనే చెప్తుంది. ఫర్‌ఈచ్ ఆ గుంటని దాటేసి వెళ్లిపోతుంది, మామూలు ఫర్ లూప్ మాత్రం అందులో పడి అన్‌డిఫైన్డ్ తెస్తుంది. అదే అర్రేని జేసన్‌గా మార్చి సర్వర్‌కి పంపితే ఆ గుంట నల్ అయిపోతుంది. అంటే ఒకే అర్రే మూడు చోట్ల మూడు మాటలు చెప్తుంది. డిలీట్ అనేది ఆబ్జెక్ట్ ప్రాపర్టీల కోసం పెట్టింది. అర్రే మీద వాడకండి, అంతే.

2024 సెప్టెంబర్, సింగ్ నగర్

ఇదంతా బస్సు స్టాపులతో చెప్తే ఆటలా ఉంటుంది. లిస్ట్‌లో మనుషులు ఉన్నప్పుడు ఎలా ఉంటుందో 2024 సెప్టెంబర్ మొదటి వారంలో చూశాం.

విజయవాడ వాళ్లకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ల కోసం రెండు ముక్కలు. సెప్టెంబర్ 1 ఆదివారం. బుడమేరు డైవర్షన్ కెనాల్ కట్టకి గండ్లు పడి, నీళ్లు అజిత్ సింగ్ నగర్, పాయకాపురం, కండ్రిక, వాంబే కాలనీ, రాజరాజేశ్వరిపేట మీదకి వచ్చేశాయి. మర్నాడు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11.43 లక్షల క్యూసెక్కులు దాటింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎప్పుడూ రాలేదు. జనం మేడల మీద ఉండిపోయారు. సింగ్ నగర్ ఫ్లైఓవర్ దగ్గర నుంచి బోట్లు వెళ్లేవి, తర్వాత డ్రోన్లతో కూడా ఆహారం, మందులు వేశారు. హైదరాబాద్ హైవే మీద ఐతవరం దగ్గర నీళ్లెక్కి రాకపోకలు ఆగిపోవడంతో, నాలాగా హైదరాబాద్‌లో ఉన్న వాళ్లం వెళ్లలేక ఫోన్లు పట్టుకుని కూర్చున్నాం.

మా ఇంజనీరింగ్ బ్యాచ్ వాట్సాప్ గ్రూప్‌లోకి రిక్వెస్టులు వచ్చి పడేవి. ఫలానా వీధి, రెండో అంతస్తు, పాలు కావాలి. ఫలానా అపార్ట్‌మెంట్, పెద్దాయనకి బీపీ మాత్రలు. స్క్రోల్ చేస్తే చాలు, పైవి మునిగిపోయేవి. మా వాడొకడు ఒక్క రాత్రిలో చిన్న పేజీ తయారుచేశాడు. నోడ్ సర్వర్, అందులో పెండింగ్ అనే ఒక అర్రే, ప్రతి రిక్వెస్ట్ పక్కన "అందింది" అనే బటన్. డేటాబేస్ పెట్టే టైమ్ లేదు. నాకు ఆ పేజీ అప్పుడూ నచ్చింది, ఇప్పుడూ నచ్చుతుంది. రెండు వందల లైన్లు ఉండదు, అయినా పని చేసింది.

అందులో తీసేసే లైన్ మనందరం వంద సార్లు చూసినదే:

పెండింగ్.స్ప్లైస్(పెండింగ్.ఇండెక్స్ఆఫ్(రిక్వెస్ట్ఐడీ), 1)

ఈ ఐడీ ఎక్కడుందో వెతుకు, అక్కడి నుంచి ఒకటి తీసెయ్. చదివితే తప్పు కనపడదు. (లిస్ట్‌లో ఐడీలు మాత్రమే ఉండేవి, వివరాలు వేరే మ్యాప్‌లో.)

వరదలో నెట్‌వర్క్ సంగతి మీకు తెలుసు. టవర్లకి కరెంట్ లేదు, ఉన్న సిగ్నల్ మీద అందరూ పడ్డారు. బోటు మీద ఉన్న అబ్బాయి "అందింది" నొక్కుతాడు, చక్రం తిరుగుతూనే ఉంటుంది, మళ్లీ నొక్కుతాడు. రెండు నొక్కులూ సర్వర్‌కి చేరతాయి. మొదటి నొక్కుకి ఐడీ దొరికింది, తీసేసింది. రెండో నొక్కుకి ఆ ఐడీ లిస్ట్‌లో లేదు. అప్పుడు ఇండెక్స్ఆఫ్ ఏమిస్తుంది? మైనస్ ఒకటి. స్ప్లైస్‌కి మైనస్ ఒకటి ఇస్తే ఏం చేస్తుంది? ఎర్రర్ ఇవ్వదు. మైనస్ అంటే చివరి నుంచి లెక్క అని అర్థం చేసుకుని, లిస్ట్‌లో చివరిదాన్ని తీసేస్తుంది.

చివరిది అంటే ఎవరు? అప్పుడే ఫోన్ చేసి అడిగినవాళ్లు.

పైపుల రోడ్డు వైపు నుంచి ఒకావిడ మధ్యాహ్నం అడిగారు, సాయంత్రం మళ్లీ ఫోన్ చేసి "ఎవరూ రాలేదు బాబూ" అన్నారు. పేజీలో ఆవిడ రిక్వెస్ట్ లేదు. ఫోన్లు ఎత్తుతున్న అమ్మాయి నోట్‌బుక్‌లో కూడా రాసుకుంటోంది కాబట్టి దొరికింది. రాత్రి లోపు పాలు, మంచినీళ్లు అందాయి. గ్రూప్ కాల్‌లో మా సీనియర్ లాగ్స్ చూసి, "మామా, ఎవడైనా రెండుసార్లు నొక్కితే లాస్ట్ రిక్వెస్ట్ ఎగిరిపోతోంది రా" అన్నాడు. కాసేపు ఎవరం మాట్లాడలేదు. ఆ రోజు రెండుసార్లు నొక్కినవాళ్లు ఎంతమంది? నోట్‌బుక్ పక్కన పెట్టుకుని లిస్ట్ మొత్తం ఒక్కొక్కటి మళ్లీ పోల్చుకుంటూ వెళ్లారు.

సరిచేయడం పెద్ద పనేం కాదు. ముందు ఇండెక్స్ తీసుకుని, అది మైనస్ ఒకటి కాకపోతేనే స్ప్లైస్ చేయాలి. ఒక్క ఇఫ్. కానీ ఈ ఒక్క ఇఫ్ లేకుండా నెట్‌లో ఎన్ని ఉదాహరణలు తిరుగుతున్నాయో చూస్తే భయమేస్తుంది. టెస్ట్ చేసేటప్పుడు మనం ఉన్నదాన్నే తీసేస్తాం. లేనిదాన్ని తీసేయాలని ఎవరికీ తోచదు.

లూప్ తిరుగుతూ తీసేస్తే

దీనికి తమ్ముడి లాంటి బగ్ ఇంకోటి ఉంది. లిస్ట్ మీద లూప్ తిరుగుతూ, అదే లిస్ట్‌లోంచి తీసేయడం. పది రిక్వెస్టులు ఉన్నాయి, ఒక్కోదాన్ని ఒక బోటుకి అప్పగించి లిస్ట్‌లోంచి తీసేద్దాం అనుకుని ఫర్‌ఈచ్ లోపల స్ప్లైస్ పెట్టారనుకోండి.

0లో ఉన్నది అప్పగించారు, తీసేశారు. 1లో ఉన్నది వెంటనే 0లోకి జరిగింది. కానీ లూప్ తన దారిన తాను 1కి వెళ్లిపోయింది. అక్కడ ఇప్పుడున్నది అసలు లిస్ట్‌లో మూడోది. రెండోదాన్ని ఎవరూ చూడలేదు. ఇలా సాగి, పదిమందిలో ఐదుగురికే బోటు దొరుకుతుంది, ఒకటి వదిలి ఒకటి. క్యూలో మీ ముందువాడు వెళ్లిపోయాడని మీరు ఒక అడుగు ముందుకేశారు, కౌంటర్ ఆయన సరిగ్గా అప్పుడే మీ వెనకాయన్ని పిలిచాడు. అదీ సంగతి.

దీనికి పాతకాలం మందు, వెనక నుంచి లూప్ తిప్పడం. చివరి ఇండెక్స్ నుంచి మొదలుపెట్టి 0 దాకా వస్తే, తీసేసినప్పుడు జరిగేవన్నీ మనం ఇప్పటికే చూసేసినవి. ఇంకా చూడనివి ఎక్కడివక్కడే ఉంటాయి. ఇది పక్కాగా పని చేస్తుంది. కాకపోతే ఆరు నెలల తర్వాత కోడ్ చదివినవాడు "వీడెందుకు ఉల్టా తిప్పాడు" అనుకుని సీదా చేసేసే ప్రమాదం ఉంది. పక్కన ఒక లైన్ కామెంట్ రాయండి.

ఫిల్టర్ మంచిదే, కానీ...

ఈ రోజుల్లో ఎవర్ని అడిగినా "ఫిల్టర్ వాడు" అంటారు. నేనూ అదే అంటాను. 2009లో వచ్చిన ఈఎస్5 నుంచి ఇది భాషలో భాగం.

పెండింగ్ = పెండింగ్.ఫిల్టర్(ఆర్ => ఆర్ !== రిక్వెస్ట్ఐడీ)

ఈ ఐడీ కానివన్నీ ఉంచు అని అర్థం. ఫిల్టర్‌లో మనం తీసేదాన్ని చెప్పం, ఉంచేవాటిని చెప్తాం. అందుకే ఐడీ లేకపోతే ఏమీ జరగదు. బోటు మీద అబ్బాయి ఒకసారి నొక్కినా, పదిసార్లు నొక్కినా ఫలితం ఒకటే. నా దృష్టిలో ఫిల్టర్‌కి ఉన్న అసలు బలం ఇది. అందరూ "కోడ్ అందంగా ఉంటుంది" అంటారు గానీ, అందం తర్వాత సంగతి.

ముందువైపు పెండింగ్ = అని రాయకపోతే మాత్రం ఫిల్టర్ కొత్త లిస్ట్ తయారుచేసి గాల్లో వదిలేస్తుంది, పాతది అలాగే ఉంటుంది. ఇది వెంటనే తెలిసిపోయే బగ్ కాబట్టి ప్రమాదం తక్కువ. తెలియని ప్రమాదం వేరే ఉంది. ఫిల్టర్ ఇచ్చేది కొత్త అర్రే. పాత అర్రేని ఇంకెవరైనా పట్టుకుని ఉంటే, వాళ్ల చేతిలో పాతదే ఉంటుంది. మ్యాప్ చూపించే ఫైల్ మొదట్లోనే పెండింగ్‌ని తీసుకుని తన వేరియబుల్‌లో పెట్టుకుందనుకోండి. మీరు ఇక్కడ కొత్త లిస్ట్‌కి మారిపోయారు, మ్యాప్ మాత్రం పాలు అందిన ఇళ్లని ఎర్ర చుక్కలతో చూపిస్తూనే ఉంటుంది. స్ప్లైస్ అయితే ఈ సమస్య రాదు, ఎందుకంటే అది ఉన్న అర్రేనే మారుస్తుంది, పట్టుకున్న అందరికీ కనిపిస్తుంది. కానీ రియాక్ట్‌లో స్ప్లైస్ చేస్తే దీనికి ఉల్టా సమస్య. అర్రే అదే కాబట్టి రియాక్ట్ "ఏమీ మారలేదులే" అనుకుని స్క్రీన్ మళ్లీ గీయదు. కాబట్టి "ఏది బెస్ట్" అని అడిగేముందు, ఈ లిస్ట్‌ని ఇంకా ఎవరెవరు చూస్తున్నారు అని అడగండి. దానికి జవాబు దొరికితే మెథడ్ దానంతటదే తేలిపోతుంది.

ఇంకో మెలిక ఉంది, ఇది సర్వర్ రాసేవాళ్లకి. కొత్తలిస్ట్ = పెండింగ్.ఫిల్టర్(...) అని రాసి, తర్వాతి లైన్‌లో ఫైల్‌కి సేవ్ అయ్యేదాకా అవెయిట్ పెట్టి, ఆ తర్వాత పెండింగ్ = కొత్తలిస్ట్ అన్నారనుకోండి. ఆ అవెయిట్ జరిగే కాస్త సమయంలో ఇంకో రిక్వెస్ట్ వచ్చి పాత పెండింగ్‌లో పుష్ అయితే? సేవ్ పూర్తవగానే మీరు పాత దాని మీద కొత్తలిస్ట్ పెట్టేస్తారు. మధ్యలో వచ్చినవాళ్లు మాయం. మైనస్ ఒకటి బగ్ లాగానే ఇది కూడా సరిగ్గా కొత్తగా వచ్చినవాళ్లనే మింగుతుంది. ఫిల్టర్ చేయడానికీ వేరియబుల్‌లో పెట్టడానికీ మధ్య అవెయిట్ రాకూడదు. రియాక్ట్‌లో సెట్‌స్టేట్‌కి నేరుగా లిస్ట్ ఇవ్వకుండా, పాత స్టేట్ తీసుకుని కొత్తది ఇచ్చే ఫంక్షన్ ఇవ్వమనేది కూడా ఇందుకే.

ఈఎస్2023లో టుస్ప్లైస్డ్ అనే మెథడ్ వచ్చింది. స్ప్లైస్ లాగే ఇండెక్స్ ఇస్తాం, కానీ పాతదాన్ని ముట్టుకోకుండా కొత్త అర్రే ఇస్తుంది. క్రోమ్ 110 నుంచి పని చేస్తుంది. మన గ్యాడ్జెట్ బుర్రకి ఇక్కడ ఒక పని ఉంది. ఆండ్రాయిడ్ 6 ఫోన్లకి క్రోమ్ 106తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. అంటే ఇంట్లో అమ్మమ్మ దగ్గరున్న ఆ పాత ఫోన్‌లో మీ పేజీ టుస్ప్లైస్డ్ దగ్గర ఆగిపోతుంది. ఇలాంటి అత్యవసర పేజీలు ఎక్కువగా తెరుచుకునేది అలాంటి ఫోన్లలోనే. పైగా దీనికి కూడా మైనస్ ఒకటి ఇస్తే చివరిదే పోతుంది, ఆ అలవాటు మారలేదు.

70 గేట్లు, 70 నంబర్లు

మళ్లీ మొదట్లో చెప్పిన టిక్ దగ్గరికి వద్దాం. రియాక్ట్‌లో లిస్ట్ చూపించేటప్పుడు ప్రతి ఐటమ్‌కి కీ ఇవ్వాలి. ఐడీ ఇవ్వడానికి బద్ధకించి చాలామంది ఇండెక్స్ ఇచ్చేస్తారు. మూడోది తీసేయగానే నాలుగోది మూడో స్థానానికి జరుగుతుంది. టిక్ మాత్రం "నాలుగో స్థానం" దగ్గరే ఉండిపోతుంది, అక్కడికి ఐదోది వచ్చి కూర్చుంటుంది. మీరు చూసిన వింత అదే.

ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు ఉన్నాయి. 1957 నుంచి అవే. అదే 2024 వరదలో కొట్టుకొచ్చిన బోట్లు గుద్దుకుని కొన్ని గేట్ల కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. నీళ్లు పారుతుండగానే నిపుణుడు కన్నయ్య నాయుడి పర్యవేక్షణలో వాటిని మార్చారు. పని చేయని గేటు ఉందని దాని తర్వాతి గేట్ల నంబర్లని ఎవరూ ఒకటి తగ్గించలేదు కదా. గేటు నంబర్ దాని పేరు, ఎన్నోదో చెప్పే లెక్క కాదు. విజయవాడ జంక్షన్‌లో కూడా అంతే. రైల్లో ఒక బోగీ తీసేస్తే ఎస్6 ప్లాట్‌ఫామ్ మీద ఆగే చోటు మారుతుంది, దాని మీద రాసిన ఎస్6 మారదు. మీ టికెట్ మీద ఉండేది ఎస్6.

మా గ్రూప్‌లో కూడా మొదటి రోజు "12వ నంబర్ అయిపోయింది" అని మెసేజీలు వచ్చేవి. ఎవరి ఫోన్‌లో 12? పంపినవాడు చూసినప్పటి 12, చదివినవాడి స్క్రీన్ మీద 9 అయిపోయి ఉండేది, ఎందుకంటే ఈలోపు పైన మూడు తీసేశారు. సీనియర్ రెండో రోజు చేసిన మొదటి పని, స్క్రీన్ మీద వరుస నంబర్ తీసేసి ఎప్పటికీ మారని ఐడీ చూపించడం. రెండోది, తీసేయడం అనేదే మానేయడం. ప్రతి రిక్వెస్ట్‌కి స్టేటస్ అని ఒక ఫీల్డ్ పెట్టి "పెండింగ్", "బోటు వెళ్లింది", "అందింది" అని మార్చుకుంటూ పోయారు. స్క్రీన్ మీద చూపించేటప్పుడు మాత్రమే ఫిల్టర్. అసలు లిస్ట్‌లోంచి ఒక్కటీ పోదు. "మా ఇంటికి రాలేదు" అని ఎవరైనా అంటే ఎప్పుడు, ఎవరు, ఏం నొక్కారో కనపడుతుంది. బ్యాంకు యాప్‌లో ట్రాన్సాక్షన్ ఫెయిలైనా లిస్ట్‌లో ఎందుకు ఉంచుతారో నాకు అప్పుడు బాగా అర్థమైంది.

ఐడీతో వెతికేటప్పుడు ఇంకో జాగ్రత్త. లిస్ట్‌లో ఆబ్జెక్టులు ఉంటే ఇండెక్స్ఆఫ్ పనికిరాదు. లోపల వివరాలన్నీ ఒకటే అయినా, అదే ఆబ్జెక్ట్ కాకపోతే అది "లేదు" అంటుంది. అక్కడ ఫైండ్ఇండెక్స్ వాడి ఐడీలని పోల్చాలి. ఫోన్ నంబర్‌నే ఐడీగా పెట్టుకుంటే ఒకరు +91తో, ఒకరు ముందు సున్నాతో, ఒకరు మధ్యలో స్పేస్‌తో పంపుతారు. కంప్యూటర్‌కి అవి ముగ్గురు మనుషులు. డూప్లికేట్లు తీసేయడానికి సెట్ వాడమని చెప్తారు, నిజమే, కానీ ముందు చివరి పది అంకెలు మాత్రమే ఉంచి, ఆ తర్వాత సెట్‌లో వేయండి. ఒకే ఇంటి నుంచి ఇద్దరు అడిగితే అది డూప్లికేటా కాదా అన్నది మాత్రం కోడ్ తేల్చలేదు. ఎవరో ఒకరు ఫోన్ చేసి అడగాల్సిందే.

స్పీడ్ సంగతి

గ్యాడ్జెట్ సైట్‌లో స్పీడ్ గురించి మాట్లాడకపోతే ఎలా. లిస్ట్‌లో యాభై, ఐదు వందల ఐటమ్స్ ఉంటే ఏ పద్ధతి వాడినా మీ ఎనిమిది వేల ఫోన్‌కి కూడా తేడా తెలియదు. దీని మీద బెంచ్‌మార్క్ వీడియోలు చూస్తూ టైమ్ వేస్ట్ చేసుకోకండి.

లక్ష దాటితే మాత్రం లెక్క మారుతుంది. లక్ష ఐటమ్స్ లిస్ట్‌లో ముందు నుంచి యాభై వేలు ఒక్కొక్కటిగా స్ప్లైస్ చేస్తే, ప్రతిసారీ వెనకున్నవన్నీ ఒక్కో అడుగు ముందుకి జరగాలి. మొదట్లో 99,999, చివర్లో 50,000, సగటున 75,000 అనుకుంటే మొత్తం 375 కోట్ల జరుపులు. ఇంజిన్లు దీన్ని తగ్గించడానికి రకరకాల ట్రిక్కులు వాడతాయి గానీ, వాటిని నమ్ముకుని కోడ్ రాయడం ఎందుకు? ఫిల్టర్ అయితే లక్షసార్లు చూసి ఒక్క దెబ్బకి పూర్తి చేస్తుంది. వరుస ముఖ్యం కాని చోట, అంటే గేమ్‌లో బుల్లెట్లు, స్క్రీన్ మీద పార్టికల్స్ లాంటివాటికి, ఇంకో చిట్కా ఉంది. తీసేయాల్సిన చోట చివరిదాన్ని తెచ్చి పెట్టి, పాప్ చేసెయ్యండి. ఏదీ జరగదు. బోటు కోసం ఎదురుచూసే లిస్ట్‌లో మాత్రం ఈ చిట్కా వాడితే, చివర వచ్చినవాళ్లు అందరికంటే ముందుకి వెళ్లిపోతారు.

మీ ప్రాజెక్ట్‌లో తీసేసే ఫంక్షన్ ఏదైనా ఉంటే ఈ సాయంత్రం దాన్ని ఒకసారి ఇలా పరీక్షించి చూడండి. లిస్ట్‌లో లేని ఐడీ ఇవ్వండి, లెంగ్త్ మారకూడదు. అదే ఐడీని రెండుసార్లు ఇవ్వండి, ఒకటే పోవాలి. పక్కపక్కనే ఉన్న రెండూ తీసేయాల్సిన లిస్ట్ ఇవ్వండి, రెండూ పోవాలి. ఖాళీ లిస్ట్ ఇవ్వండి, ఎర్రర్ రాకూడదు. ఆ తర్వాత బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్‌ని 3జీకి మార్చి, డిలీట్ బటన్‌ని చిరాకు పడ్డ మనిషి నొక్కినట్టు టకటకా నాలుగుసార్లు నొక్కి, లిస్ట్ చివర ఎవరున్నారో చూడండి.